ఎర్ర గీత దాకా

వంటగది, కిటికీ పక్క బల్ల
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

నా రాతలో తప్పులుంటే ముందే క్షమించు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానేయాలో నాకు ఇప్పటికీ తేలదు. నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. కోడి గెలికినట్టుందని చిన్నప్పుడు నువ్వే నవ్వేదానివి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది కాబట్టి రెండు కోళ్ళు కొట్లాడుకున్నట్టుంటుంది. ఓపిక చేసుకుని చదువు.

అత్తయ్య పోయి నాలుగు నెలలు దాటింది. అప్పట్నుంచీ నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఏదైనా పొయ్యాలంటే చేతులు బిగుసుకుపోతాయి. గ్లాసులోకి నీళ్ళైనా, గిన్నెలోకి పాలైనా అంతే. జగ్గు సగం వంచి అలాగే నిలబడిపోతాను. మొన్న మామయ్య చూసి, "పిల్లా, నీళ్ళు పోస్తావా, ఫోటో తీయించుకుంటున్నావా?" అన్నారు. మామయ్య సంగతి నీకు తెలుసుగా. రేడియోలో వార్తలు చదివే ఆవిడతో రోజూ గొడవ పెట్టుకుంటారు. "నిన్న ఇలా చెప్పలేదే నువ్వు" అని వేలు చూపించి మరీ నిలదీస్తారు. ఈ ఇంట్లో నన్ను నవ్వించేది ఆయనొక్కరే.

చేతుల డాక్టరు చూసి, చేతుల్లో ఏమీ లేదు, మనసులో ఉందన్నాడు. అందుకని మీ మరిది నన్ను మాటలతో వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళారు. అయిదు వారాలు వెళ్ళాను. నాలుగు వారాలు నేను నోరే తెరవలేదు. అయిదో వారం ఆవిడ, "మీ అత్తగారికి మందు ఎవరు పోసేవారు?" అని అడిగింది. నేనేనన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. బయటికి వచ్చేసరికి నా కళ్ళు చూసి ఈయన, "ఇదేం వైద్యం, ఊరికే ఏడిపిస్తోంది, ఇక్కడ వద్దు" అన్నారు. ఆయన గొంతు పెంచరు, నీకు తెలుసు. పెళ్ళైన మూడేళ్ళలో ఒక్కసారీ పెంచలేదు. మెల్లగా చెప్తారు, అదే జరుగుతుంది.

ఇప్పుడు కొత్త డాక్టరమ్మను చూశారు. రెండు బస్సులు మారి వెళ్ళాలి. వచ్చే గురువారం మొదటిసారి. మళ్ళీ మొదటినుంచీ అంతా చెప్పుకోవాలి. నీ లాండ్రీలో ఆ ప్రమాదం జరిగాక నువ్వు ఇలాంటి ఆవిడ దగ్గరికే చాలా రోజులు వెళ్ళావుగా. ఏం అడుగుతారు? ఏం చెప్పాలి? చెప్పకపోతే ఏమవుతుంది? నాకు రాయి.

నీ
చెల్లెలు


లాండ్రీ, మడతల బల్ల
భోజనాల విరామం

ఒసే ఉడుతా,

నీ ఉత్తరం అందింది. ఒత్తుల సంగతి వదిలెయ్. నేను ఇక్కడ రోజుకి నాలుగు వందల ఆసుపత్రి దుప్పట్లు మడత పెడతాను, నాకూ ఒత్తులు గుర్తులేవు.

భయపడకు. కొత్తావిడ దగ్గరికి వెళ్ళడమంటే ఏమిటో చెప్తాను విను. నేనూ ఇద్దరిని మార్చాను.

మొదట ఒక ఫారం ఇస్తారు. పేరు, వయసు, నిద్ర ఎలా పడుతోంది, ఎందుకొచ్చావు, అలాంటివి. అది నీ చేత్తోనే నింపు. తర్వాత గది. రెండు కుర్చీలుంటాయి, ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పి వేస్తారు, చూపు తప్పించుకోవాలనిపిస్తే తప్పించుకోవడానికి. గడియారం కూడా నీకు కనపడేలా ఉంటుంది. కాగితం రుమాళ్ళ డబ్బా ఉంటుంది, దాన్ని చూసి ఏడవాలేమో అనుకోకు. నేను మొదటిసారి గంటసేపూ ఆవిడ చెప్పుల గురించే ఆలోచించాను, ఎడమది కొంచెం పెద్దదిగా ఉంది.

మొదటిరోజు నిన్ను ఎవరూ బాగుచెయ్యరు. ఆవిడ నిన్ను చూస్తుంది, నువ్వు ఆవిడను చూడు. పాత డాక్టరమ్మకు చెప్పినవే మళ్ళీ అడుగుతుంది. విసుగొస్తుంది. కానీ రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారి మింగేసిన మాట ఒకటి బయటికొస్తుంది, అది నా అనుభవం. ఆవిడ మధ్యలో మాట్లాడకుండా ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని నువ్వే నింపాలని లేదు. ఇంటికొచ్చాక బట్టలు పిండినట్టు అయిపోతావు, ఆరోజు పెద్ద పని పెట్టుకోకు. మొదటి రెండు మూడు వారాలు బాధ తగ్గకపోగా పెరుగుతుంది. అది సహజం. ఆవిడ నచ్చకపోతే నచ్చలేదని ఆవిడతోనే చెప్పొచ్చు, కోపం తెచ్చుకోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నువ్వు ఆ గదిలో చెప్పింది ఆ గది దాటదు. మొగుడికి చెప్పదు, అక్కకి చెప్పదు. ఒక్క సందర్భంలో తప్ప. బతికున్న మనిషి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తోందని తెలిస్తే, అది నువ్వే కావచ్చు, ఇంకొకరు కావచ్చు, అప్పుడు ఆవిడ ఊరుకోవడానికి లేదు. చెప్పాల్సిన చోట చెప్పి తీరాలి. ఈ సంగతి ఆవిడే మొదటిరోజు చెప్తుంది. చెప్పకపోతే అడుగు.

నా పక్కనుండే మనిషి చెయ్యి ఇస్త్రీ రోలరులో పడినప్పుడు మిషను ఆపే మీట నా దగ్గరే ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు ఏడు వారాలు పట్టింది. అప్పటిదాకా వాన గురించీ, బాయిలరు గురించీ చెప్పి ఆవిడ ప్రాణం తీశాను. నీకూ టైము పడితే పట్టనీ.

లోపలికి ఒక్కదానివే వెళ్ళు. ఇది మరవకు.

అక్క


వంటగది
శనివారం ఉదయం

అక్కకి,

వెళ్ళొచ్చాను. నువ్వు చెప్పినట్టే ఉంది, కుర్చీలు పక్కకి తిరిగే ఉన్నాయి. ఆవిడ చెప్పులు మాత్రం రెండూ ఒకే సైజు.

కానీ ఫారం నేను నింపలేదు. నేను మొదటి గడిలో అక్షరాలు కూడబలుక్కుంటుంటే ఈయన నవ్వి, "ఇలా ఇవ్వు, మనకి సాయంత్రమయ్యేలా ఉంది" అని తీసుకున్నారు. మొత్తం ఆయనే రాశారు, వెనక పేజీ కూడా. నేను కింద సంతకం పెట్టాను. లోపలికి కూడా రాబోయారు. "మీరు ఇక్కడ కూర్చోండి" అంది డాక్టరమ్మ, చాలా మర్యాదగా. ఆయన కూడా మర్యాదగానే కూర్చున్నారు.

నేను గంట తర్వాత బయటికొచ్చేసరికి ఆయన చేతులకు గ్రీజు. అక్కడ బరువు చూసే మిషను ముల్లు సరిగ్గా నిలబడటం లేదట. కాటాలు బాగుచేసే మనిషి కళ్ళ ముందు ముల్లు వంకరగా ఉంటే ఊరుకుంటాడా? సంచిలోంచి స్క్రూడ్రైవరూ, ఇత్తడి తూకం రాళ్ళూ తీసి సరిచేసేశారు. చీటీలు రాసే అమ్మాయి తెగ సంబరపడిపోయింది. "మీరు అదృష్టవంతులండీ" అంది నాతో. ఇంకోసారి వచ్చి మళ్ళీ చూస్తానని ఆయన మాటిచ్చారు.

లోపల సంగతి. డాక్టరమ్మ నడివయసు మనిషి. బల్ల మీద నీళ్ళ జగ్గు ఉంది. నన్ను పొయ్యమనలేదు, తనే పోసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. "శబ్దం వింటే కూడా ఇబ్బందా?" అంది. అవునన్నాను. ఎవరికీ చెప్పని మాట అది, నాకే తెలియదు.

నువ్వు రాసిన ఆ నియమం ఆవిడే చెప్పింది. నేను అడిగాను, "ఆ మనిషి ముందే చనిపోయి ఉంటే?" అని. నవ్వుతూ అడిగాననే అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "అయితే అది మన ఇద్దరి మధ్యే ఉంటుంది" అంది. నేను గడియారం చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.

మందు ఎలా పోసేదాన్నో అడిగితే చెప్పాను. అత్తయ్య నొప్పి మందు సీసా మీద అక్షరాలు చీమ తలకాయలంత, అవీ నాకు రాని భాష. మూతలా ఉండే ప్లాస్టిక్ కప్పు మీద అంకెలూ కనపడవు. అందుకని ఈయన నా గోళ్ళ రంగుతో కప్పుకి ఎర్ర గీత గీశారు. "చదవక్కర్లేదు. గీత దాకా పొయ్యి, అంతే" అన్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏడాదిపాటు రోజంతా మూలిగిన మనిషి ఆఖరి రోజుల్లో నిద్రలోనే ఉండిపోయింది. "చూశావా, సుఖంగా ఉంది" అనేవారు ఈయన.

బస్సులో ఆయన అడిగారు, "ఏం మాట్లాడుకున్నారు?" అని. "వాన గురించి" అన్నాను. నువ్వు నేర్పిన అబద్ధమే. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎండ పేలిపోతోంది.

నీ
చెల్లెలు


ఇంటి నుంచి
మంగళవారం

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. ఆ కప్పు, గీత, వాటి గురించి అంతగా ఆలోచించకు. మనిషి పోయాక మిగిలినవాళ్ళకి ఇలాగే ఉంటుంది, చిన్న వస్తువు పట్టుకుని మనసు తిరుగుతూ ఉంటుంది. మీ అత్తగారు ఎలాగూ దక్కే మనిషి కాదు. నువ్వు ఏడాది సేవ చేశావు, అది చాలు.

మరిది నీ మంచి కోరేవాడే. రెండు బస్సులు మారి వెంట వస్తున్నాడంటే ఊరికేనా? బావ అయితే వీధి చివరిదాకా కూడా వచ్చేవాడు కాదు. ఆయన దగ్గర ఏదీ దాచకు. డాక్టరమ్మతో చెప్పినవి ఆయనతో కూడా చెప్పుకుంటే నీకే మంచిది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

అక్క


క్లినిక్, వరండాలో బెంచీ
గురువారం

అక్కకి,

నీ ఉత్తరం చదివి, ఇది అక్క రాసిందేనా అని చేతిరాత రెండుసార్లు చూశాను. ఉడుతా అని కూడా పిలవలేదు. ఒంట్లో బాగోలేదా?

నేను ఇక్కడికి రావడం ఇది ఆరో గురువారం. చాలా జరిగింది, వరసగా రాస్తాను.

మూడోసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ ఆ ఫారం తీసి వెనక పేజీ చదివి వినిపించింది. "ఊహలు ఎక్కువ. లేనిది ఉన్నట్టు చెబుతుంది. తర్వాత తనే మర్చిపోతుంది. రెండుసార్లు తనను తాను గాయపరచుకోబోయింది." చదివి, "ఇవి మీ మాటలేనా?" అంది. కింద సంతకం నాదే. కాదని తలూపాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఖాళీ ఫారం ఒకటి నా ముందు పెట్టింది. "దీన్ని మీరు నింపండి. గంట పట్టినా సరే, రెండు గంటలు పట్టినా సరే" అంది. అక్కా, రెండు గురువారాలు పట్టింది. నేను రాస్తుంటే ఆవిడ తన పని చేసుకుంటూ కూర్చుంది, ఒక్కసారీ తొందరపెట్టలేదు. ఎందుకొచ్చారు అన్న గడిలో, "చేతులకి ఏదో తెలుసు" అని రాశాను. ఎందుకలా రాశానో తెలియదు.

మొన్న నీళ్ళు పోశాను. బల్లంతా తడిసింది, కానీ పోశాను.

ఇక అసలు సంగతి. పోయినవారం అల్మరా తుడుస్తుంటే అత్తయ్య కప్పు కనపడింది. వెలుతురుకి పట్టి చూశాను. ఎర్ర గీత కింద, సగానికి సగం కిందన, ఇంకో గీత జాడ ఉంది. రంగు లేదు. బ్లేడుతో గీకేసినట్టు ప్లాస్టిక్ గరుకుగా ఉంది. గోరుతో తడిమితే తెలుస్తోంది. అంటే మొదటి గీత అక్కడ ఉండేది. "రంగు చెరిగిపోయింది, మళ్ళీ గీశాను" అని ఆయన ఒకరోజు అన్నది నాకు గుర్తుంది. ఆయన కాటాల మనిషి. గవ్వంత బరువు తేడా వస్తే చెయ్యి పెట్టి చెప్పేస్తారు. గీత ఎక్కడుండాలో ఆయనకి తెలియకపోవడమంటూ ఉండదు.

ఇది ఇంకా డాక్టరమ్మతో చెప్పలేదు. అసలు ఎవరితోనూ చెప్పలేదు. కప్పు గురించి మొదట రాసింది నీ ఒక్కదానికే. కానీ నిన్న ఆయన అన్నం తింటూ, "ఆ కప్పు గీత గురించి మీ అక్కకి ఎందుకు రాస్తావు, పాపం, ఆవిడకి ఉన్న బాధలు చాలవా?" అన్నారు. మామూలుగా అన్నారు. మజ్జిగ వేసుకుంటూ అన్నారు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.

అక్కా, ఆయనకి ఎలా తెలిసింది? నా ఉత్తరం బావ ఎవరికైనా చూపించాడా? పోస్టులో ఎవరైనా విప్పారా? నేనే మూలమీది డబ్బాలో వేశాను, నా చేత్తో.

ఇంకోటి. మామయ్యకు పది రోజులుగా మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు, ఇల్లంతా తిరుగుతున్నారు. ఒకసారి గ్యాసు తిప్పి మర్చిపోయారు. వార్తలావిడని అత్తయ్య పేరుతో పిలుస్తున్నారు. "నాన్నని చూస్తుంటే జాలేస్తోంది, ఆయనకీ కాస్త నెమ్మది కావాలి" అని ఈయన రెండుసార్లు అన్నారు.

బరువు చూసే మిషను మళ్ళీ పాడైందట. ఆయన అక్కడే కూర్చుని విప్పుతున్నారు. ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలోనే వేస్తాను.

నీ
చెల్లెలు


లాండ్రీ, బాయిలరు గది
సోమవారం

ఉడుతా,

ఈ ఉత్తరం మీ ఇంటికి పంపడం లేదు. క్లినిక్‌కి ఫోన్ చేసి డాక్టరమ్మనే అడిగాను. కవరు మీద నీకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని రాయమంది. ఆ పేరున్న మనిషి వస్తే తన చేత్తోనే ఇస్తానంది. నీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు అక్కడికి వస్తావో రావో కూడా చెప్పలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది.

ఆయనకి ఎలా తెలిసిందని అడిగావుగా. నేనే తెలిపాను.

నువ్వు నాకు మొదటి ఉత్తరం రాయకముందే మరిది దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చాలా పద్ధతిగా రాశాడు. "వదినగారూ, దాని మనసు బాగోలేదు. మందు గురించి నా మీద ఏవేవో అనుకుంటోంది. అది రాసిన ప్రతి కాగితం కావాలని డాక్టరమ్మ అడుగుతోంది, వైద్యానికి పనికొస్తుందట. దానికి మాత్రం చెప్పొద్దు, సిగ్గుపడుతుంది" అని. నేను నమ్మాను. నీ రెండు ఉత్తరాలూ కవర్లో పెట్టి అతనికి పంపాను. నాకు రాసిన నీ చేతిరాత. మన అమ్మ ఉంటే నా చెయ్యి విరిచేసేది.

నీ మూడో ఉత్తరం చదివాక మడతపెడుతున్న దుప్పటి అక్కడే పడేశాను. నన్ను చూసిన పాత డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. "ఈ పని చేసేవాళ్ళెవరూ మనిషికి తెలియకుండా ఆ మనిషి ఉత్తరాలు అడగరు. ఎప్పుడూ అడగరు" అంది. ఇంత వయసొచ్చి, ఏడు నెలలు ఆ కుర్చీలో కూర్చుని, నీకు నియమాలు చెప్పిన దాన్ని నేను. నాకే తట్టలేదు. మళ్ళీ మీట నా చేతిలోనే ఉండి చూస్తూ నిలబడ్డాను.

మూడోది పంపలేదు. ఇక ఏదీ పంపను.

నువ్వు అప్పుడే ఒకసారి అనుమానపడ్డావని అతని ఉత్తరం చెప్తోంది చూడు. నాకెప్పుడూ రాయలేదే నువ్వు? సరే, అది తర్వాత. ఒక్కటే అడుగుతాను. ఇప్పుడు ఆ ఇంట్లో మందు ఎవరికి పోస్తున్నారు?

నియమం గుర్తుందిగా. బతికున్న మనిషి.

నీ
అక్క


డాక్టరమ్మ గది
గురువారం

అక్కకి,

నీ కవరు విప్పకుండా ఉన్నదున్నట్టు ఆవిడే నా చేతికిచ్చింది. ఇక్కడే కూర్చుని చదివాను. నిన్ను తిట్టాలనిపించలేదు. ఆయన మెల్లగా చెప్తే ఎవరైనా నమ్ముతారు. నేను మూడేళ్ళు నమ్మాను.

నువ్వు అడిగినదానికి జవాబు. సోమవారం ఆయన కొత్త సీసా తెచ్చారు. మామయ్యకట. డాక్టరే రాశాడన్నారు, చీటీ నాకు చూపించలేదు. అదే కప్పు తీసి కడిగి తుడిచారు. నా గోళ్ళ రంగు అడిగి తీసుకుని, పని బల్ల మీద దీపం పెట్టుకుని, కాటా ముల్లు సరిచేసేటప్పుడు పట్టినట్టే ఊపిరి బిగపట్టి గీత గీశారు. పాత ఎర్ర గీత కంటే పైన, అక్కా. అంచుకి ఒక వేలు కింద. మూడు రోజులు ఆయనే పోశారు. మామయ్య నిన్న వార్తలు వినలేదు. రేడియో మోగుతోంది, ఆయన నోరు తెరిచి నిద్రపోతున్నారు.

ఈరోజు పొద్దున నాతో అన్నారు, "నీ చేతులు బాగుపడ్డాయని డాక్టరమ్మ అందిగా. ఇవాళ సాయంత్రం నుంచి నువ్వు పొయ్యి. గీత దాకా, అంతే." నవ్వుతూ అన్నారు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశారు, బిగుసుకున్నాయో లేదోనని.

బయల్దేరేముందు, ఈయన స్నానంలో ఉండగా, మామయ్యను లేపి, మొహం కడిగి, పక్కింటి టైలరావిడ దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. "నేనొచ్చి తలుపు కొట్టేదాకా ఎవరొచ్చి పిలిచినా పంపకండి, ఆయన కొడుకు వచ్చినా సరే" అన్నాను. ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. ఆవిడ నోట్లో సూదులు తీసి, "వెళ్ళిరా" అంది. మామయ్య కళ్ళు సగం మూసుకునే, "పిల్లా, రేడియో తీసుకురాలేదేం? ఆవిడ నేను ఓడిపోయాననుకుంటుంది" అన్నారు.

కప్పు జేబురుమాలులో చుట్టి సంచిలో తెచ్చాను. డాక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నేను అడిగాను, "మొదటిరోజు చెప్పిన నియమం మళ్ళీ ఒకసారి చెప్పండి" అని. మాట మాటకీ ఆగుతూ చెప్పింది. "బతికున్న మనిషి ప్రాణం మీదికి వస్తోందని తెలిస్తే నేను ఊరుకోలేను. మీరు చెప్పాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. తెలిసే చెబుతున్నారా?" అంది. తెలిసే అన్నాను. చెప్పాను. గోరుతో తడిమి గీకేసిన మొదటి గీత చూపించాను. జగ్గు తీసుకుని కొత్త గీత దాకా నీళ్ళు పోసి చూపించాను. ఒక్క చుక్క బయట పడలేదు.

ఆవిడ ఇప్పుడు పక్క గదిలో ఫోన్‌లో మాట్లాడుతోంది. తలుపు వేసుకుంది. మామయ్య దగ్గరికి ఎవరినో పంపిస్తున్నారు, మా వీధి గుర్తులు చెప్తోంది. నన్ను ఇక్కడే ఉండమంది. కాగితం ఉంటే ఇవ్వమని అడిగితే, ఆ ఫారాల వెనక తెల్లగా ఉన్నవి ఇచ్చింది. వాటి మీదే ఇది రాస్తున్నాను.

ఆయన బయట వరండాలో ఉన్నారు. మిషను మళ్ళీ పాడైంది. "మీ ఆయన బాగుచేసినప్పటినుంచీ ఇది ప్రతివారం పాడవుతోంది" అని చీటీల అమ్మాయి ఈరోజు అంది, నవ్వుతూనే. తూకం రాళ్ళు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు ఇక్కడికి వినపడుతోంది.

ఇక ఆ మాట. అప్పుడే అనుమానపడ్డావా అని రాశావుగా. నీకు ఒక అబద్ధం రాశాను. కప్పు మీద గీకిన జాడ పోయినవారం అల్మరా తుడుస్తూ చూశానని రాశాను. అది నిజం కాదు. అత్తయ్య బతికుండగానే చూశాను. ఆయన గీత మార్చిన రెండోరోజే. "గీత పైకి వెళ్ళింది కదండీ?" అని ఆయన్ని అడిగాను కూడా. ఆయన "అమ్మ మూలుగు నీకు వినపడటం లేదా?" అన్నారు.

వినపడేది అక్కా. ఏడాది పాటు ప్రతి గంటా వినపడింది. పప్పు కడుగుతుంటే, బట్టలు ఆరేస్తుంటే, చెవుల్లో దూది పెట్టుకున్నా వినపడేది. ఆ సాయంత్రం నేను గీత చూశాను. కింద గరుకు జాడ చూశాను. ఏది సరైనదో తెలిసింది. పై గీత దాకా పోశాను. తొమ్మిది రోజులు, పొద్దునా సాయంత్రమూ. మొదటిరోజు ఆవిడ మూలుగు ఆగిపోయాక నేను వంటగదిలోకి వచ్చి, ఇల్లు ఎంత నెమ్మదిగా ఉందో అనుకున్నాను. హాయిగా అనిపించింది.

ఇది డాక్టరమ్మకు చెప్పలేదు. చనిపోయిన మనిషి సంగతి మా ఇద్దరి మధ్యే ఉంటుందని ఆవిడ మాటిచ్చింది, అయినా నోరు రాలేదు. నువ్వు ఏడు వారాలు పట్టిందన్నావు. నాకు ఎన్ని పడతాయో. వచ్చే గురువారం నేను ఈ కుర్చీలో ఉంటానో, ఇంకెక్కడైనా ఉంటానో కూడా తెలియదు. ఆయనకి ఇది తెలుసు. ఇప్పుడు నీకు తెలిసింది. ఎవరైనా అడిగితే ఆయన మెల్లగా ఏం చెప్తారో నాకు వినపడుతూనే ఉంది. పోసింది నా భార్యే, అంటారు. అది అబద్ధం కూడా కాదు.

రాళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఫోన్ మాటలు కూడా ఆగాయి. వరండాలో అడుగుల చప్పుడు, ఆయనవే, తొందర లేకుండా వస్తున్నాయి. తలుపు మీద రెండుసార్లు కొట్టారు, మర్యాదగా. డాక్టరమ్మ పక్క గదిలోంచి వచ్చి నాకూ తలుపుకీ మధ్య నిలబడి, "ఇంకా టైము ఉందండీ" అంటోంది. నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలుంది.

దీన్ని మడిచి నీ అడ్రసు రాసి ఆవిడకే ఇస్తాను, తనే పోస్టు చేస్తుంది. అక్కా, మిగతా ఉత్తరాలు నీ ఇష్టం. ఇదొక్కటి ఉంచకు. ఎవరికీ పంపకు, మంచికని కూడా పంపకు. మీ లాండ్రీలో బాయిలరు ఉందిగా, దాని మూత తెరిచి అందులో వెయ్యి. వేసి వెళ్ళిపోకు. ఆఖరి ముక్క నల్లబడేదాకా అక్కడే నిలబడి చూడు.